త్రుటిలో తప్పినవి ఎవరి లెక్కలోకి?

కత్తిపూడి దగ్గర మొదలైన 216వ నంబరు జాతీయ రహదారి కాకినాడ, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల దాటి, ఈపురుపాలెం మీదుగా చీరాల, ఒంగోలు వైపు పోతుంది. దూరప్రాంతాల లారీలు, రొయ్యల వ్యాన్లు పరుగుతీసే ఈ దారిలోనే మగ్గం నుంచి దించిన చీరల మూట ముందు పెట్టుకుని నేతన్న మోపెడ్ మీద చీరాల బయల్దేరతాడు. పొలం నుంచి ట్రాక్టరు ఎక్కుతుంది. ఆదివారమైతే సూర్యలంక బీచికో వాడరేవు బీచికో కుర్రాళ్లు బండ్ల మీద గుంపులుగా వస్తారు.

ఈ చుట్టుపక్కల బండి నడిపేవాళ్లలో ఎవరిని కదిపినా ఒక కథ చెబుతారు. ‘ట్రక్కు కనబడలేదురా, మీదకెళ్లాక చూశా.’ ‘బ్రేకు కొట్టానంతే, వెనక చక్రం పక్కకి లాక్కుపోయింది.’ కథలు ఎన్ని రకాలున్నా ముక్తాయింపు ఒక్కటే: ‘ఆయుష్షుంది, బతికిపోయా బాబాయ్.’ ప్రాణం దక్కిన మనిషి ఆ మాట అనుకోవడం సహజం. నా బాధల్లా, ఎక్కడ, ఎందుకు, ఎంత దూరంలో అన్నవి ఆ మాటతో మరుగున పడిపోవడమే.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. వాళ్లలో సుమారు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. త్రుటిలో తప్పించుకున్నవాళ్లు ఎంతమందో చెప్పే పుస్తకం ఏ స్టేషన్‌లోనూ ఉండదు. అలా త్రుటిలో తప్పినవాటినీ రాసిపెట్టుకోవాలని విమానయాన రంగం ఒక చావుదెబ్బ తిన్నాకే నేర్చుకుంది. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర దిగబోతున్న టీడబ్ల్యూఏ విమానం కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమంటే, దానికి ఆరు వారాల ముందు మరో కంపెనీ విమానం అదే చోట, అదే పొరపాటుతో కొండను తాకబోయి తప్పించుకుంది. ఆ కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. పక్క కంపెనీకి ఆ కబురు చేరలేదు. 1976లో, పేరు బయటపెట్టకుండా పైలట్లు ఇలాంటివి రాసి పంపే ఏర్పాటును అమెరికా మొదలుపెట్టింది. అది నేటికీ నడుస్తోంది.

మన దారి కథల్ని ఆ కళ్లతో చూస్తే చాలా కనిపిస్తుంది. ధాన్యం సంగతే తీసుకోండి. కోత మిషన్‌తో కోసిన వడ్లలో పచ్చిదనం ఎక్కువ. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. వెనకటి కళ్లాలు చాలా ఊళ్లలో లేవు. అందుకని రైతు తారురోడ్డు మీద ఆరబోస్తాడు. వరి అయిపోతే మొక్కజొన్న వస్తుంది. పగలు సగం రోడ్డు పోయి, ఎదురెదురు బండ్లు మిగిలిన సగంలోనే సర్దుకోవాలి. గింజల మీద చక్రం ఎక్కితే టైరుకు తారు అందదు, కింద గోలీలు పోసినట్టే. అక్కడ బ్రేకు వేసినా, హ్యాండిల్ తిప్పినా బండి జారుతుంది.

అసలు గండం రాత్రిపూట. సాయంత్రానికి గింజల్ని రాశిగా పోగుచేసి, నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు, నల్ల పట్టా. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను అయిపోతుంది. పొడిరోడ్డు మీద బాగా బ్రేకు పట్టినా ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 37 మీటర్లు. చాలా బండ్ల డిమ్ లైటు సరిగ్గా చూపించేదే అంతమేర. ఎదురుగా లారీవాడు హెవీ లైటు కొడితే అదీ ఉండదు. 40లో వెళితే 20 మీటర్లలో బండి ఆగుతుంది. వెనక ఎర్రలైటు లేని ట్రాక్టరు ట్రక్కు విషయంలోనూ ఇదే లెక్క. ‘ఉన్నట్టుండి ఎదురైంది’ అంటాం గానీ, అది ఎప్పటినుంచో అక్కడే ఉంది. మన లైటు దాన్ని చేరేసరికి ఆగేందుకు చోటు మిగల్లేదు.

బ్రేకు గురించి కూడా చెప్పాలి. ముందు బ్రేకు పట్టుకుంటే బండి ఎగరేస్తుందన్న భయంతో చాలామంది కాలి బ్రేకే తొక్కుతారు. నిజానికి బండి ఆగేటప్పుడు బరువు చాలావరకు ముందు చక్రం మీదకు వస్తుంది, తేలికైన వెనక చక్రం బిగుసుకుపోయి జారుతుంది. లాస్ ఏంజిలెస్‌లో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడే పరిశీలించిన హ్యారీ హర్ట్ బృందం 1981లో ఇదే తేల్చింది. కంగారులో వెనక బ్రేకు అతిగా, ముందుది తక్కువగా వేస్తున్నారని. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు చక్రం బిగుసుకుపోనివ్వని ఏబీఎస్, చిన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి అయ్యాయి. ఇళ్లముందున్న పాత బండ్లకు అవి లేవు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా వెళుతూ రెండు బ్రేకులూ కలిపి పట్టడం అలవాటు చేసుకుంటే, అవసరం పడ్డ రోజున చెయ్యి తనంతట తనే పట్టుకుంటుంది.

హెల్మెట్ మీద వాదన ఎప్పుడో తీరిపోయింది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో బండి మీంచి పడి తలకు దెబ్బతగిలి చనిపోతే, ఆయన్ను చూసిన డాక్టర్ హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత సైన్యంలోని బండివాళ్ల మీద పరిశోధించి, శిరస్త్రాణం తలను కాపాడుతుందని 1941లోనే రాశాడు. 2021 సెప్టెంబరులో హైదరాబాద్‌లో బండి జారి పడ్డ నటుడు సాయిధరమ్ తేజ్, హెల్మెట్ వల్లే బతికానని తర్వాత పలుమార్లు చెప్పారు. ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్, గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ ఎందుకూ పనికిరావు.

చేనేత ఊరైన ఈపురుపాలెం గురించి రాస్తూ చీర కొంగును మరవలేను. వెనక ఒక పక్కకు కూర్చున్న ఇల్లాలి కొంగు చక్రంలో పడితే క్షణంలో మనిషిని లాగేస్తుంది. అందుకే మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక చక్రం సగమైనా కప్పే రక్షణ ఉండాలంటుంది. ఆ శారీ గార్డును షోకు కోసం పీకేసే కుర్రాళ్లున్నారు.

ఇక్కడే మనవాళ్ల మంచి అలవాటు ఒకటుంది. ‘అక్కా, కొంగు!’, ‘అన్నా, స్టాండ్!’ అని ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా పక్కనుంచి అరిచి చెబుతారు. ఎవరూ నొచ్చుకోరు. పట్టా కప్పిన రాశి గురించి ఎందుకు చెప్పుకోం? స్ట్రెయిట్ కట్ కాలువ వంతెన దాటాక ఎడమవైపు మొక్కజొన్న ఉంది, చుట్టూ రాళ్లున్నాయి, లైటు లేదు అని సెంటర్లో టీ తాగుతూ అంటే చాలు. ఆ రాశి ఎవరిదో అక్కడున్నవాళ్లలో ఒకరికి తెలిసే ఉంటుంది, ఫోన్ నంబరూ ఉంటుంది. చీకటి పడకముందే ఆయన రెండు ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించగలడు.