గాలి తేటపడిన ఏడాది – నేలమీది ఓజోను, మన పైరు



2020 మార్చి 25 నాడు కరోనా మహమ్మారి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన సంగతి మీకు జ్ఞాపకమే. అది యాసంగి వరి గింజ గట్టిపడే కాలం. పెబ్బేరు మీదుగా పోయే హైదరాబాదు–బెంగుళూరు రహదారి మీద రొద తగ్గింది. బస్సులు నిలిచిపోయినవి. "పొగ పోయింది గదా, గాలివల్ల పైరుకు వచ్చే చెరుపు కూడా పోయినట్టే గదా!" అని శ్రీరంగాపూర్ రంగసముద్రం కట్టమీద కూర్చున్న రైతు ఎవరైనా అనుకుంటే అది సహజమే. కాని అసలు సంగతి అంత సులువైనది కాదు. ఈ పూట దాన్నే ముచ్చటించుకుందాం.

ఓజోను అనేది ప్రాణవాయువుకు మరొక రూపం. ఎంతో ఎత్తున, ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల పైన ఉన్న ఓజోను సూర్యుని చెడు కిరణాలను ఆపి మనల్ని కాపాడుతుంది. నేలకు దగ్గరగా ఉండే ఓజోను మాత్రం మన ఊపిరికీ, పైరుకూ హాని చేస్తుంది. పైన ఉంటే గొడుగు, కింద ఉంటే చీడ అని గుర్తు పెట్టుకోండి.

ఈ కింది ఓజోను ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. ఎండలో తయారవుతుంది. ఇంజన్లు, బొగ్గు కొలుములు వదిలే నత్రజని ఆక్సైడులు ఒక సరుకు. పెట్రోలు ఆవిరులు, రంగుల ఆవిరులు, చెత్త కాల్చిన పొగ, చెట్లు వదిలే ఆవిరులు మరొక సరుకు. ఈ రెండూ కలిసిన గాలిమీద ఎండ పడితే ఓజోను పుడుతుంది. అందుకే అది మధ్యాహ్నం దాటాక ఎక్కువ, రాత్రి తక్కువ. ఎండాకాలంలో హెచ్చు, వానల్లో తగ్గు.

మరి వాహనాలు ఆగితే ఓజోను తగ్గాలి గదా? ఇక్కడే తిరకాసు ఉంది. వరికి యూరియా వేసే తీరు తలచుకోండి. సారం తగ్గిన పొలానికి కొంచెం వేస్తే పైరు లేస్తుంది. మోతాదు మించితే పడిపోయి దిగుబడి తగ్గుతుంది. ఓజోనుకు నత్రజని ఆక్సైడులు అలాంటివే. పల్లెల గాలిలో అవి కొద్దిగానే ఉంటాయి. తగ్గిస్తే ఓజోనూ తగ్గుతుంది. పెద్ద పట్నాల్లో అవి మోతాదు మించి ఉంటాయి. బండి గొట్టం నుంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడు అక్కడి ఓజోనును తినేస్తుంది. బండ్లు ఆగితే తినేది తగ్గి, ఓజోను మిగిలిపోతుంది.

2020 లో జరిగింది ఇదే. చైనాలోని వూహాన్ నగరంలో ఓజోను సుమారు 36 శాతం, దక్షిణ ఐరోపా నగరాలు కొన్నింటిలో సుమారు 17 శాతం పెరిగినట్లు శాస్త్రజ్ఞులు లెక్కించారు. ఉత్తరార్ధగోళంలో నేలకు 1 నుంచి 8 కిలోమీటర్ల ఎత్తున గల గాలిలో మాత్రం ఆ వసంత, గ్రీష్మాలలో సుమారు 7 శాతం తగ్గింది. పట్నం నడిబొడ్డున పెరిగింది, దూరపు గాలిలో తగ్గింది అన్నమాట.

ఇది మనకెందుకు అంటారా? పట్నపు పొగ పట్నంలోనే ఉండదు. గాలివాటాన వచ్చి, దారిలో ఎండకు మాగి, పల్లెల్లో ఓజోను అవుతుంది. అది ఆకుల రంధ్రాల గుండా లోనికి చొరబడి ఆకును ముందే ముదర పెడుతుంది. గింజకు చేరవలసిన సత్తువ తగ్గుతుంది. 2005 లో మన దేశం ఓజోను వల్ల సుమారు 35 లక్షల టన్నుల గోధుమలు, 21 లక్షల టన్నుల బియ్యం పోగొట్టుకున్నదని 2014 లో వెలువడిన ఒక పరిశోధనలో లెక్క కట్టారు. పురుగు కనబడదు, తెగులు కనబడదు, బస్తాలు మాత్రం తగ్గుతాయి. వేరుశనగ, సోయా వంటి పైర్లు దీనికి లోనవుతాయి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. ఓజోను దెబ్బ ముదురు ఆకుల పైభాగాన, ఈనెల మధ్య, సన్నని చుక్కలుగా కనబడుతుంది. తిక్క తెగులు మచ్చలు గుండ్రంగా, పెద్దవిగా ఉంటాయి. చాలాసార్లు చుట్టూ పసుపు వలయం ఉంటుంది. చూసి నిర్ధారించుకోనిదే మందు కొట్టమని చెప్పవద్దు. ఓజోనుకు పిచికారీ మందు పని చేయదు, రైతు డబ్బు దండుగ.

మన చేతిలో ఉన్నదేమిటి? వరికొయ్యలు, పత్తికట్టె తగలబెట్టడం మానండి. ఆ పొగలో ఓజోనుకు కావలసిన రెండు సరుకులూ ఉన్నాయి. రోటవేటరుతో కలియదున్నితే నేలకు బలం. డీజిలు ఇంజను నల్లపొగ కక్కుతుంటే బాగు చేయించండి.

2020 నేర్పిన పాఠం ఒకటే. ఒక్క సరుకు తగ్గిస్తే చాలదు. పట్నంలో బండ్ల పొగతోబాటు ఆవిరులనూ తగ్గించాలి. పల్లెలో మంటలు మానాలి. రెండు ఎడ్లూ కలిసి నడిస్తేనే గదా అరక సాగేది!