మొలలున్నవారికి మలపరీక్ష

మలమున రక్తము కనబడినదనగానే మన యిండ్లలో వినవచ్చు తొలిమాట "వేడి చేసింది", మలిమాట "మొలలు". ఉర్దూ మాటలాడు ఇండ్లలో దీనినే బవాసీర్ అందురు. పేరేదైనను, ఆ పేరు పెట్టుటతో విచారణ ముగిసినదని తలచి, సిగ్గుచేత మందులషాపు పూతమందుతో నెలలు గడుపువారు మనలో కొల్లలు.

కంటికి కానరాని రక్తమును (గుప్తరక్తమనుట సమంజసమని మా తలంపు) మలమున కనిపెట్టుటకు రెండు విధములైన పరీక్షలు కలవు. పాతది గ్వాయకమను చెట్టు జిగురుతో చేయునది. ఆ జిగురు పట్టించిన కాగితముపై మలమును పులిమి హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కలు వేసినచో, రక్తములోని హీము వలన నీలిరంగు పుట్టును. అయితే మాంసమునకును, పచ్చి ముల్లంగికిని గూడ ఆ రంగు రావచ్చును. మటన్ బిర్యానీ తిన్న మరునాటి ఫలితమును నమ్మరాదన్నమాట! కొత్తదగు 'ఫిట్' పరీక్ష మానవరక్తములోని గ్లోబినును మాత్రమే గుర్తించును. పథ్యమక్కరలేదు. జీర్ణకోశమున స్రవించిన రక్తములోని గ్లోబిను దారిలోనే చాలవరకు జీర్ణమగును గనుక, ఇది ముఖ్యముగా పెద్దప్రేగు రక్తమును పట్టి చూపును.

చిక్కు ఇచటనే యున్నది. మొలల రక్తమును మానవరక్తమే. చీలిక నుండి కారునదియు నంతే. రక్తమున్నదని చెప్పు పరీక్ష, అది ఏ చోటిదో చెప్పజాలదు. "నాకు మొలలున్నవి, రక్తము వాటిదే" యని రోగి తానే తీర్పు చెప్పుకొనును. కాని నడివయసు దాటినవారిలో మొలలు సర్వసాధారణము. పెద్దప్రేగు క్యాన్సరు గూడ ఆ వయసుననే మెండు. రెండును ఒకే దేహమున నుండుటకు అడ్డేమి? ఎర్రని రక్తము మొలలదేయను నమ్మకమును నిలువదు. పురీషనాళపు క్యాన్సరు రక్తము గూడ ఎర్రగా నుండవచ్చును.

అమెరికాలోని మిన్నెసోటాలో 46,000 మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితములు 1993లో వెలువడినవి. ఏటేటా గ్వాయక పరీక్ష చేయించుకొన్నవారిలో పెద్దప్రేగు క్యాన్సరు మరణములు 33 శాతము తగ్గినవి. ఆ మేలు కాగితముపై నీలిరంగు వలన గాక, రంగు కనబడినవారి పెద్దప్రేగును కొలనోస్కోపీతో చూచుట వలన కలిగినది. మొలల నెపముతో ఆ రెండవ మెట్టు ఎక్కనివారికి మొదటి మెట్టు వృథా.

మొలలు కంటికి కనబడునట్లు స్రవించుచున్న దినములలో ఇంటివద్ద చేయు గుప్తరక్త పరీక్షను వాయిదా వేయుట మేలు. వైద్యుని చూచుటను మాత్రము వాయిదా వేయరాదు. రక్తము లేదని తేలినను లక్షణములు కొనసాగినచో మరల చూపించుకొనవలెను. ప్రేగులోని కంతి ప్రతిదినము స్రవింపదు. గుదద్వారమున కారణము తెలియని గడ్డగాని పుండుగాని యున్నచో, బ్రిటనులోని 2023 నాటి మార్గదర్శకములను బట్టి, ఈ పరీక్షకై వేచియుండక రోగిని నేరుగా నిపుణుని వద్దకు పంపుదురు.