న్యూరోసిస్టిసెర్కోసిస్

న్యూరోసిస్టిసెర్కోసిస్ అనగా పంది బద్దెపురుగు (టీనియా సోలియం) డింభకాలు మానవుని మెదడులో తిత్తులుగా స్థిరపడడం వలన కలిగే వ్యాధి. భారతదేశంలో మూర్ఛలకు గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి. 1888లో మద్రాసులో మూర్ఛలతో మరణించిన ఒక కూలీలో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వైద్యుడు గుర్తించినది దేశంలో తొలి కేసుగా పేర్కొంటారు.

వ్యాపించే విధం

ఇది పందిమాంసం తినేవారికే వస్తుందన్నది అపోహ. సరిగా ఉడకని మాంసంలోని తిత్తులను తిన్నవారికి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడు వ్యాధికి కారణం ఆ పురుగు పెట్టే గుడ్లు. ఇవి పురుగు ఉన్న వ్యక్తి మలంతో వెలువడి, నీటిద్వారా, కడగని పచ్చికూరలద్వారా, శుభ్రంగాలేని చేతులద్వారా ఇతరుల కడుపులోకి చేరుతాయి. అందుచేత జన్మలో మాంసం ముట్టనివారికి కూడా ఈ వ్యాధి రావచ్చు. గుడ్డునుండి వెలువడిన పిండం పేగుగోడను తొలుచుకొని, రక్తంద్వారా కండరాలకు, కంటికి, మెదడుకు చేరుతుంది. రోగి ఇంటిలోనివారికి, వంటచేసేవారికి మలపరీక్ష అవసరమయ్యేది ఇందువలననే.

లక్షణాలు

సజీవమైన తిత్తి సంవత్సరాలతరబడి నిశ్శబ్దంగా ఉండగలదు. అది క్షీణించేటప్పుడు చుట్టూ వాపు ఏర్పడి మూర్ఛ, తలనొప్పి కలుగుతాయి. భారతదేశంలో పనిచేసి వెళ్ళిన బ్రిటిష్ సైనికులలో కొందరికి స్వదేశం చేరిన చాలా ఏళ్ళ తరువాత మూర్ఛలు మొదలైనాయి.

సోమశిల వంటి కృష్ణాతీర గ్రామంనుండి రోగిని స్కాన్ సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చడానికి సమయం పడుతుంది. ఈలోగా రోగిని పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలగుత్తి పెట్టడంవలన మూర్ఛ ఆగదు. నోటిలో ఏమీ పెట్టరాదు. మూర్ఛ 5 నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయాలి.

వ్యాధి నిర్ధారణ

సి.టి., ఎం.ఆర్.ఐ. స్కాన్‌లు ముఖ్య ఆధారాలు. తిత్తిలో చుక్కవలె కనబడే పురుగుతల (స్కోలెక్స్) కచ్చితమైన గుర్తు. రక్తపరీక్ష కొంత సహాయపడినా, తిత్తి ఒక్కటే ఉన్నప్పుడు ఫలితం తప్పిపోవచ్చు.

భారతీయ రోగులలో తరచు కనబడేది ఒకే ఒక చిన్న మచ్చ. ఒకప్పుడు దీనిని క్షయగడ్డ (ట్యూబర్‌క్యులోమా)గా భావించి నెలలతరబడి క్షయ మందులు ఇచ్చేవారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చాందీ, వేదాంతం రాజశేఖర్ ప్రభృతులు ఇటువంటి మచ్చలను శస్త్రచికిత్సతో తీసి పరీక్షించగా, వాటిలో ఎక్కువభాగం సిస్టిసెర్కస్ అని తేలింది (1989, 1991). మచ్చ 20 మి.మీ. మించకపోవడం, మెదడు మధ్యరేఖ ఒరిగేంత వాపు లేకపోవడం, కపాలంలో ఒత్తిడి పెరిగిన లక్షణాలుగాని, శరీరంలో మరెక్కడైనా క్షయగాని లేకపోవడం వారు సూచించిన ప్రమాణాలలో ముఖ్యమైనవి. ఈ ప్రమాణాలు ఎందరికో అనవసరమైన మందులను, శస్త్రచికిత్సను తప్పించాయి.

చికిత్స

పురుగును చంపడం తొలి కర్తవ్యం కాదు. మూర్ఛను, వాపును అదుపుచేయడం ముందు. మూర్ఛ మందులతోపాటు స్టీరాయిడ్లు ప్రారంభించి, ఆ తరువాతనే ఆల్బెండజోల్ ఇస్తారు. 1, 2 తిత్తులకు మోతాదు రోజుకు కిలో బరువుకు 15 మి.గ్రా., 10 నుండి 14 రోజులు. అంతకు మించి ఉంటే ప్రాజిక్వాంటెల్ కూడా కలుపుతారు. ముందుగా కంటిని పరీక్షించడం తప్పనిసరి; కంటిలో తిత్తి ఉంటే, అది చనిపోయినప్పుడు కలిగే వాపువలన చూపు పోవచ్చు. మెదడంతా వాచినప్పుడు పురుగు మందు ప్రాణాపాయం కలిగించవచ్చు. సున్నం పట్టి గట్టిపడిన తిత్తులకు అది అవసరం లేదు. పాఠశాలలో నులిపురుగులకు ఇచ్చే ఒక్క 400 మి.గ్రా. మాత్ర ఈ వ్యాధికి చికిత్స కాదు. అలాగని మందులదుకాణంలో అదే మాత్రలు కొని సొంతంగా వాడడం ప్రమాదకరం. మెదడు గదులలో తిత్తి ఉండి ద్రవప్రవాహం అడ్డుపడితే శస్త్రచికిత్స చేస్తారు. మూర్ఛ మందులను వైద్యుడు చెప్పకుండా ఆపరాదు.

నివారణ

పేగులోని బద్దెపురుగును నిక్లోసమైడ్ వంటి మందుతో తొలగించవచ్చు. మరుగుదొడ్ల వాడకం, చేతులు కడుక్కోవడం, పందులను ఊరిలో విచ్చలవిడిగా వదలకపోవడం ముఖ్యం. పందులకు వేసే సిస్‌వ్యాక్స్ అనే టీకాను హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేసింది. దీనికి మూలమైన టి.ఎస్.ఓ.ఎల్.18 ప్రోటీన్ ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధన ఫలితం.