నిక్కరు పోయి ప్యాంటు వచ్చె!

మా తమ్ముడికి ఎనిమిదో తరగతిలో గానీ ప్యాంటు రాలేదు. ఆడపిల్లకు ఓణీ ఎలాగో మగపిల్లాడికి ప్యాంటు అలాగ! పెద్దవాడయ్యాడని వీధంతా తెలిసిపోయేది. అంతవరకూ నిక్కరే. ఎదిగే పిల్లాడని టైలరు చేత అంచు లోపలికి ఎక్కువ మడత పెట్టించేది అమ్మ. గుండీ ఊడితే "పోస్టాఫీసు తెరిచావురా" అని వెక్కిరింతలు సరేసరి.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఒకటో తరగతి వాడికీ ప్యాంటే కావాలి. "నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?" అని మొండికేస్తాడు. దోమలు కుట్టవు, మోకాళ్లు చెక్కుకుపోవు, నిజమే. కానీ జూన్ ఉక్కలో ఆ మందపాటి ప్యాంటుతో పరుగెత్తేదెలా? బురద పట్టిన అంచులు బ్రష్షుతో రుద్దేదీ మనమేనాయె!

కేరళలోని ఎర్నాకుళం జిల్లా వళయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల మరో దారి పట్టింది. 2018లో మొదలుపెట్టి, ఆడా మగా పిల్లలందరికీ చొక్కా, త్రీఫోర్త్ నిక్కరు ఒకే యూనిఫాంగా పెట్టింది. స్కర్టు ఎక్కడ లేస్తుందోనన్న జంకు లేకుండా ఆడపిల్లలూ హాయిగా గెంతొచ్చు. మగపిల్లలు నామోషీ అంటున్న నిక్కరు వీళ్లకి ఇన్నాళ్లూ ఎవరిచ్చారు గనక! మా పాప బడిలో వచ్చే పేరెంట్స్ మీటింగులో ఈ మాట ఎత్తాలనుకుంటున్నాను.