చెఱకు మిల్లునకు ఇనుపదారి యేల?

రైలు కూడలియైన గుడివాడలో బియ్యపు మిల్లులు వృద్ధినొందినవి. అదే జిల్లాలోని ఉయ్యూరు చక్కెర కర్మాగారమునకు మాత్రము రైలుదారి లేదు. ధాన్యమునకును చెఱకునకును గల స్వభావభేదమే యిందులకు మూలమని రైతుసోదరులు గ్రహింపవలెను.

బెజవాడనుండి బందరునకు 1908లో రైలు నడచినది. గుడివాడనుండి భీమవరమునకు 1928లో మఱియొక శాఖ వేయబడినది. కాలువలలో పడవలపై పోవుచుండిన ధాన్యము క్రమముగ రైలెక్కినది. ఎండిన ధాన్యము నెలల తరబడి నిలుచును. తూకమున సుమారు మూడింట రెండుపాళ్లు బియ్యమగును. కావున మిల్లు దూరమైనను నష్టము స్వల్పము.

చెఱకట్లు గాదు. నూఱు టన్నుల చెఱకునుండి పది టన్నుల చక్కెర వచ్చిన మేలుగ వచ్చినట్లే. తక్కినది నీరు, పిప్పి, మడ్డి, మొలాసిస్. పైగా నఱికిన గడలో నీరావిరియై తూకము తగ్గును. లోని చక్కెర కొంత వేఱు రకపు చక్కెరలుగ మాఱును. అవి నాలుకకు తీపియే గాని గింజ కట్టవు. ఒకదినము మించినకొలదియు, ఎండ ముదిరినకొలదియు నీ నష్టము పెరుగును. తూకపు నష్టము రైతుది, గింజ నష్టము మిల్లుది. కాటాయొద్ద పేచీ మాత్రము ఇద్దఱిదిని!

ఈ చిక్కును ఇనుపదారితో దీర్చుకొనిన కర్మాగారము తెలుగునాట బోధనులో నుండెను. మంజీరా నదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైన పిమ్మట ఆ నీటిక్రింద చెఱకు విస్తరించెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. సంస్థ సొంత తోటలనుండి గానుగవఱకు చిన్న పట్టాలపై చెఱకు వచ్చెడిది. చక్కెర బస్తాలు జానకంపేట మీదుగ పెద్ద రైలుమార్గమును చేరెడివి. పది పాళ్లు లోనికి, ఒక పాలు వెలికి. చూచుటకు పెద్ద రైలు ఘనమే గాని, కర్మాగారపు ప్రాణము చిన్నదారియందే యుండెనని నా యభిప్రాయము.

మన డెల్టాలో అట్టి పట్టాలకు అనుకూలము లేదు. బోధనులో సంస్థకే వేల యెకరముల తోటలుండుటచే ఏటేట నొకే దారిని చెఱకు వచ్చెడిది. ఇచ్చటనో చిన్న కమతములు, నడుమ వరిచేలు, అడ్డముగ కాలువలు, బోదెలు. ఈ యేడు చెఱకున్న చేను మఱుసటి యేడు వరి కావచ్చును. పట్టాలు రైతు వెంట నడువజాలవు గదా! ఉయ్యూరు కర్మాగారము సహకార పద్ధతిపై చిన్నదిగ మొదలై, 1941లో వెలగపూడి రామకృష్ణగారి కె.సి.పి. కంపెనీ చేతికి వచ్చినది. దానికి బండ్లు, ట్రాక్టర్లు, లారీలే చిన్నదారి. కనుక బోధనులో పట్టాలు చేసిన పనిని ఇచ్చట కటింగు ఆర్డరు చేయవలసియున్నది.

బోధను కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015లో మూతపడెను. అచ్చటి రైతులు చెఱకును దూరపు మిల్లులకు తోలవలసి వచ్చెను.

మన రైతులు ఆర్డరు చేతికందక, వాహనము కుదరక గడ నఱుకరాదు. లారీ ఆలస్యమైనచో మోపులను చెట్టునీడకు జేర్చి, చెఱకాకు కప్పి, నీరు చల్లవలెను.