బరువు లాగు బండికి పెట్రోలా, డీజిలా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పికప్ ట్రక్కు సర్వసాధారణమైన వాహనము. ముందు మనుషులు కూర్చొను గది, వెనుక సరకు వేయు తొట్టి - ఇది దాని రూపము. గుఱ్ఱములను, పడవలను మోయు ట్రెయిలర్లను దాని వెనుక తగిలించి లాగుదురు. భారము మిక్కిలి హెచ్చైనపుడు డీజిలు ఇంజనే తగినదని చిరకాలముగా పేరున్నది. ఫోర్డు కంపెనీ 2011 నమూనా ఎఫ్-150 ట్రక్కులో రెండు టర్బోలు గల 3.5 లీటర్ల పెట్రోలు ఇంజనును ప్రవేశపెట్టిన పిమ్మట ఈ విషయము చర్చకు వచ్చినది.

టర్బో అనగా నేమి? ఇంజను విడుచు వేడి పొగ వృథాగా పోక ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసుపైనున్న మరియొక చక్రము బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపును. గాలి హెచ్చిన కొలది ఎక్కువ ఇంధనమును మండింపవచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యుషి 1905లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను.

పై పెట్రోలు ఇంజను నిమిషమునకు 2,500 చుట్లు తిరుగునపుడు టార్కు, అనగా త్రిప్పుబలము, 569 న్యూటను-మీటర్లు. అదే ఏటి నమూనా పెద్ద ట్రక్కులలో ఫోర్డు అమర్చిన 6.7 లీటర్ల డీజిలుకు 1,600 చుట్లవద్దనే 997. ఈ అంకెలు చూచి డీజిలు బలము దాదాపు రెట్టింపని పలువురు తలచెదరు. కాని కొండ యెక్కించునది టార్కు ఒక్కటే కాదు. టార్కును తిరుగుడు వేగముచే గుణింపగా వచ్చు సామర్థ్యము. గుణించి చూచిన పెట్రోలుకు 149, డీజిలుకు 167 కిలోవాట్లు వచ్చును. భేదము ఎనిమిదవ వంతు మాత్రమే! చక్రములకు కావలసిన త్రిప్పుబలమును గేర్లు సమకూర్చును.

కొలొరాడో రాష్ట్రములో డెన్వరు నగరమునకు పడమట, సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగము కలదు. డిల్లను పట్టణము నుండి అచ్చటికి దాదాపు 13 కిలోమీటర్ల దారి; కొన్నిచోట్ల నూరు మీటర్లకు 7 మీటర్ల వంతున ఎక్కును. ట్రక్కు, ట్రెయిలరు కలిసి 6,500 కిలోగ్రాములైనచో, అట్టి చోట గంటకు 80 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు భూమ్యాకర్షణను జయించుటకే 99 కిలోవాట్లు కావలెను. గాలి, టైర్ల నిరోధము దీనికి అదనము. అచ్చట గాలి పలుచన. టర్బో లేని ఇంజను తన సామర్థ్యములో ఇంచుమించు మూడవ వంతు కోల్పోవును. టర్బో ఆ లోటును చాలవరకు పూడ్చును.

అట్లయిన భేదమెక్కడ? వేడిమిలో. పెట్రోలు ఇంజనులో ఇంధనము కలిసిన గాలియే ఒత్తబడును. ఒత్తిడి, వేడిమి హెచ్చైనచో ఆ మిశ్రమము తనంత తాను పేలి పిస్టనును దెబ్బతీయవచ్చును. అందువలన బరువు హెచ్చైనపుడు నిప్పురవ్వను ఆలస్యము చేసి, చల్లదనమునకై అదనపు పెట్రోలును చిమ్మవలసివచ్చును. డీజిలులో గాలిని మాత్రమే ఒత్తి, పిదప ఇంధనము చిమ్ముదురు. కనుక ఆ భయము లేదు. పైగా లీటరు డీజిలులో పెట్రోలుకంటె పదవ వంతుకు మించి వేడిమి అధికము. గంటల తరబడి బరువు లాగునపుడు ఈ ఆదా స్పష్టమగును.

దిగుట మరియొక పరీక్ష. పై బండి 600 మీటర్లు దిగునపుడు విడుదలయగు శక్తి సుమారు 38 మెగాజౌళ్లు. అనగా లీటరు పెట్రోలు మండిన వచ్చు వేడిమికంటె ఎక్కువ. అందులో అధిక భాగము బ్రేకులపై పడినచో అవి కాగి పట్టు తప్పును. తక్కువ గేరులో పెట్రోలు ఇంజను, గాలిదారి మూసికొని, కొంతవరకు బండిని ఆపును. డీజిలు ఇంజను సహజముగా అట్లు పట్టదు. కాని పొగదారిని బిగించు బ్రేకు అమర్చినచో చక్కగా నిలుపును.

అయితే డీజిలు ఇంజను బరువైనది, ఖరీదైనది. నేటి చట్టముల ననుసరించి దానికి మసి వడపోత, యూరియా ద్రావణము అవసరము. చిన్న ప్రయాణములలో ఆ వడపోత చాలినంత వేడెక్కక, మసి కాలిపోదు. కనుక ఏడాదికి కొన్ని మారులు పడవను లాగువానికి టర్బో పెట్రోలు చాలును; దినదినము భారీ ట్రెయిలరుతో కొండలు దాటువానికి డీజిలే మేలు. ఎంత బరువు అనుటతోపాటు ఎంతసేపు అనియు ప్రశ్నించినచో సమాధానము తేలికగా దొరకును.