పొరుగువాని కప్పు: క్రైస్తవ యువత గృహ మరమ్మతు సేవ – అమీర్‌పేట, పంజగుట్ట బస్తీల నేపథ్యం

ఉపోద్ఘాతం

తెలుగులో ‘ఇరుగుపొరుగు’ అనే జంటపదం ప్రధానంగా స్థలవాచకం. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇంటివారు, ఒకే వీధిని, ఒకే నీళ్ల కుళాయిని పంచుకునేవారు ఇరుగుపొరుగువారు. తెలుగు బైబిలులో ‘పొరుగువాడు’ అనే మాటకు దీనికి మించిన నైతికార్థం వచ్చి చేరింది. లూకా సువార్త పదవ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానంలో, దెబ్బలు తిని దారిపక్కన పడి ఉన్న మనిషికి పొరుగువాడైనవాడు అతని ఊరివాడు కాదు, అతని వర్గంవాడు అసలే కాదు. అంటే పొరుగు అనేది ఇంటి చిరునామాను బట్టి కాక చేసిన పనిని బట్టి నిర్ణయమవుతుంది. ఊరు ఒక చోట, వాడ మరొక చోట ఉండి, ఎవరు ఎవరి పక్కన నివసించాలో కులమే శాసించిన తెలుగు గ్రామంలో ఈ అర్థవిస్తృతి చిన్న విషయం కాదు.

అవసరంలో ఉన్నవారి ఇళ్లను క్రైస్తవ యువకులు స్వచ్ఛందంగా బాగుచేసే సేవను ఈ రెండు అర్థాలు కలిసే చోట నిలిపి చూడవలసి ఉంది. ఈ సేవ విలువ చేతిపనిలో కంటే ఆ పని జరిగే షరతుల్లోనే ఎక్కువగా ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నగరంలో పొరుగువాడు చాలాసార్లు సొంత ఇంటివాడు కాడు, కిరాయిదారు. అక్కడ ఈ విషయం మరింత స్పష్టమవుతుంది.

కెంటకీ నుంచి ఖమ్మం వరకు

ఈ తరహా సేవకు ఆధునిక రూపం అమెరికాలో ఏర్పడింది. 1969లో గ్లెన్ ‘టెక్స్’ ఎవాన్స్ అనే మెథడిస్టు పాదిరి కెంటకీ రాష్ట్రంలోని బార్బర్‌విల్‌లో యాభై మంది యువకులతో నాలుగు ఇళ్లను బాగుచేయించారు. అదే తర్వాత ‘అపలేచియా సర్వీస్ ప్రాజెక్ట్’గా విస్తరించింది. కొండప్రాంతపు పేదల ఇంటిని చలికి, వానకు తట్టుకునేలా చేయడమే దాని పరిమిత లక్ష్యం. కొత్త ఇల్లు కట్టివ్వడం ఆ లక్ష్యంలో లేదు. ఇదే కాలంలో జార్జియాలోని కోయినోనియా అనే క్రైస్తవ సమష్టి క్షేత్రంలో క్లారెన్స్ జోర్డన్, మిలర్డ్ ఫుల్లర్ వేరొక పద్ధతిని రూపొందించారు. లాభం, వడ్డీ లేని రుణంతో ఇల్లు కట్టాలి, ఇంటివారు కూడా తమ చెమటను వాటాగా పెట్టాలి అన్నది దాని సారం. 1976లో ఫుల్లర్ దంపతులు స్థాపించిన ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’కి ఆ ఆలోచనే పునాది. భారతదేశంలో ఆ సంస్థ తొలి అడుగు వేసింది తెలుగునేలపైనే, 1983లో ఖమ్మంలో.

ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడాను గమనించాలి. మొదటి దానిలో బయటి నుంచి వచ్చిన యువకుడు పని చేస్తాడు, ఇంటివారు స్వీకరిస్తారు. రెండవ దానిలో ఇంటివారు రుణగ్రస్తులు, శ్రామికులు, యజమానులు కూడా. వారికి ఇల్లు దానంగా రాదు. అయితే రెండవ పద్ధతి సాగాలంటే వారికి ముందుగా ఇల్లో, ఇంటిస్థలమో తమదై ఉండాలి.

కూలి, వెట్టి, శ్రమదానం

తెలుగు ప్రాంతంలో క్రైస్తవ సహాయచర్యల చరిత్ర ఉచిత శ్రమతో మొదలు కాలేదు, కూలితో మొదలైంది. 1876–78 నాటి మహాక్షామంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకొని, కరువు బాధితులకు కూలి ఇప్పించారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో మెదక్ మహాదేవాలయం నిర్మాణం కూడా కరువు రోజుల్లో పనికి ఆహారం కల్పించిన పనిగానే ప్రజల జ్ఞాపకంలో నిలిచింది. దాని ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది.

క్లౌ ఉదంతంలో ఈ చర్చకు మరింత ఉపయోగపడే అంశం ఉంది. కరువు సహాయం సాగుతున్న కాలంలో ఆయన బాప్తిస్మాలను నిలిపివేశారు. తిండి కోసం మతం మారుతున్నారన్న అపవాదుకు తావు ఉండరాదన్నది అందుకు కారణం. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను చూసి విమర్శకులు ఆయన జాగ్రత్తను శంకించవచ్చు. అయినా సహాయానికి, మతస్వీకారానికి మధ్య కాలవ్యవధి ఉండాలని ఆయన గుర్తించారన్నది వాస్తవం. ఇంటి కప్పు బాగుచేసే యువబృందానికి ఈ నియమం నేటికీ వర్తిస్తుంది. కప్పు వేసిన మరునాడే ఆ ఇంట్లో ప్రార్థనకూటం పెడితే, కాదనే స్వేచ్ఛ ఇంటివారికి ఎంత మిగులుతుంది?

ఉచిత శ్రమకు తెలంగాణలో మరో జ్ఞాపకం కూడా ఉంది. నిజాం పాలనలో వృత్తికులాలు, దళితులు దొరల ఇళ్లకు చేసిన ‘వెట్టి’ కూలి లేని పనే. ‘శ్రమదానం’ అనే మాట ఆ తర్వాతిది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో మొదలైన వినోబా భూదానోద్యమం వెంట అది ప్రచారంలోకి వచ్చింది, 1997లో ‘జన్మభూమి’ కార్యక్రమంతో ప్రభుత్వ పరిభాషలో భాగమైంది. వెట్టిలో శ్రమ కిందివాడి నుంచి పైవాడికి వెళ్తుంది. శ్రమదానంలో అది తిరగబడాలి. చదువుకున్న యువకుడు తట్ట నెత్తిన పెట్టుకొని ఇసుక మోయడంలో ఉన్న సాంఘికార్థం ఇదే. చేతిపనిని కులానికి కట్టివేసిన సమాజంలో, గోడకు సున్నం కొట్టడం కూడా ఒక ప్రకటన అవుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. అడ్డాల మీద ప్రతి ఉదయం పనికోసం నిలబడే కూలీలకు ఇసుక మోత, గోడ గీకుడు, రంగు వేయడమే జీవనాధారం. సెలవు రోజున వచ్చిన స్వచ్ఛంద సేవకుడు ఆ పనిని ఉచితంగా చేస్తే, ఒక పేదవాడి ఇల్లు బాగుపడి మరొక పేదవాడి దినకూలి పోతుంది. యువకులు మోతపని చేసి, మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు పూర్తి కూలి ఇవ్వడం దీనికి కొంత పరిష్కారం. అది సాంకేతికంగా కూడా అవసరమే.

అమీర్‌పేట, పంజగుట్ట: కప్పు కింద ఎవరున్నారు?

అమీర్‌పేట అనగానే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషన్ గుర్తుకు వస్తాయి. పంజగుట్ట అంటే నిమ్స్ ఆసుపత్రి, పైవంతెన. ఈ రెండింటి ప్రధాన రహదారుల వెనుక ఇరుకు సందులలో రేకుల ఇళ్లు, ఒక గది మీద మరో గది లేపిన ఇళ్లు ఉన్నాయి. ఇళ్లలో పనిచేసేవారు, వాచ్‌మన్లు, ఆటో నడిపేవారు, హాస్టల్ వంటవారు వాటిలో నివసిస్తారు. రోడ్డు మీది నగరం నడవడానికి కావలసిన శ్రమ ఈ సందుల నుంచే వస్తుంది.

ఆ ఇళ్ల సమస్యలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. సిమెంటు రేకుకు పగులు వస్తుంది, కొక్కెపు బోల్టు కింది వాషరు ఎండకు చీలుతుంది. ఆ సందు గుండా కారే నీటికి పాత ఫ్లెక్సీ బ్యానరు పరచి ఇటుకలు పెడతారు. స్లాబు ఇంట్లో చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు ఊడిపడతాయి. చెమ్మ ఎక్కిన గోడలోనే కరెంటు తీగలు ఉంటాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఫొటోలలో బాగా కనిపించే రంగుల పనికి ఈ వరుసలో చివరి స్థానం. కప్పు ఆగాక గోడ ఆరాలి, ఆరాక తీగలు మార్చాలి, రంగు ఆ తర్వాత. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ నారలు ఉంటాయి కనుక వాటిని విరగ్గొట్టడం, పొడిగా కోయడం ఊపిరితిత్తులకు హానికరం. తడిపి, మొత్తంగా దించాలి. స్లాబుకు చేసే చికిత్స ఔత్సాహికుల పని కాదు, నిపుణుడైన మేస్త్రీ చేయవలసినది.

వరదల సంగతి వేరు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి, కూకట్‌పల్లి నాలా పొంగి, చుట్టుపక్కల లోతట్టు వీధులు మునిగాయి. 2020 అక్టోబరులో నగరం మళ్లీ నీట మునిగింది. నాలా పక్కన ఉన్న ఇంటికి ఎన్ని రేకులు మార్చినా, నాలాను మార్చకపోతే ఫలితం పరిమితమే. అది మునిసిపాలిటీ బాధ్యత, స్వచ్ఛంద సేవకు అందనిది.

ప్రభుత్వ గృహపథకాల దృష్టి కూడా మరమ్మతు మీద లేదు. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం ఉన్నవారికి కొత్త ఇంటి కోసం అయిదు లక్షల రూపాయలు ఇస్తుంది. 2014 డిసెంబరు 30 నాటి జీవో 58 ప్రభుత్వ స్థలంలో 125 చదరపు గజాల వరకు ఆక్రమించి ఉంటున్న పేదలకు ఉచిత క్రమబద్ధీకరణ కల్పించింది. ఒకటి కొత్త ఇంటిని లెక్కిస్తుంది, మరొకటి పట్టాను. కిరాయి గదిలో కారుతున్న కప్పు ఈ రెండు లెక్కలలోనూ చేరదు. హైదరాబాద్ నగరపాలక సంస్థ 1967లో ప్రారంభించిన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రయోగం బస్తీవాసులను తమ ఇళ్ల నిర్మాణంలో భాగస్వాములను చేసింది. అక్కడ కూడా కాళ్ల కింది నేల మీద హక్కు ముఖ్యాంశమైంది.

బాగుచేసిన ఇల్లు ఎవరిది?

హాస్టళ్లకు గిరాకీ ఉన్న చోట కారని కప్పు, కొత్త తలుపు, టైల్స్ వేసిన బాత్రూం ఉన్న గదికి అద్దె పెరుగుతుంది. యువకులు ఒక వృద్ధురాలి కోసం బాగుచేసిన గదిని యజమాని మరుసటి ఏడు ఇద్దరు విద్యార్థులకు ఇవ్వడానికి అడ్డు ఏమీ ఉండదు. అప్పుడు సేవ ఫలితం ఇంటి యజమానికి దక్కుతుంది, అవసరంలో ఉన్నవారు మరింత కారే గదికి మారతారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో మరమ్మతు, పునర్నిర్మాణం కారణంగా కిరాయిదారును ఖాళీ చేయించమని యజమాని కోరే వీలు కూడా ఉంది. సదుద్దేశంతో మొదలైన పని చివరకు ఖాళీ చేయించడానికి సాకు కావచ్చు.

అందువల్ల పని మొదలుపెట్టడానికి ముందే యజమానితో రాతపూర్వకమైన ఒప్పందం అవసరం. సామాను ఖర్చులో ఆయన వాటా ఎంత, ఎన్ని సంవత్సరాలు అద్దె పెంచరు, ఎంతకాలం ఖాళీ చేయించరు అన్నవి అందులో ఉండాలి. ఇంటివారు ఏ పని ముందు కావాలంటే అది ముందు చేయాలి. వారు వద్దన్న ఫొటో తీయరాదు. సంఘసభ్యుల ఇళ్లకే పరిమితమైతే అది సంఘక్షేమం అవుతుంది. అదీ మంచి పనే కాని, లూకా చెప్పిన పొరుగు అది కాదు.

ఈ ప్రాంతంలో సేవకు ముందుకు వచ్చే యువకులలో చాలామంది కూడా కోచింగ్ కోసమో, ఉద్యోగం కోసమో జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవారే. తామూ కిరాయిదారులే కనుక అద్దె భయం వారికి తెలుసు. అదే కారణంగా వారి పొరుగుతనం తాత్కాలికం కూడా. వేసవి సెలవుల్లో, మృగశిర కార్తెకు ముందు, కప్పు పని పూర్తి చేయడం వారికి సాధ్యమే. తొలి వానకు వెళ్లి ఎక్కడ కారుతోందో చూడవలసిన సమయానికి వారిలో కొందరు మరో నగరంలో ఉంటారు. బోల్టు ఎక్కడ వదులైందో తెలిసిన మేస్త్రీ ఫోను నంబరును, మిగిలిన రెండు వాషర్లను ఇంటివారి చేతికి ఇచ్చి వెళ్లడం కూడా ఆ పనిలో భాగమే.